ఫ్రాటర్నిటీకి సేవా పురస్కారం: ఏం కొలుస్తారు, ఏం వదిలేస్తారు

సంక్షిప్తంగా: అమెరికా కాలేజీల్లో ఫ్రాటర్నిటీలనే విద్యార్థి సంఘాల శాఖలకు (చాప్టర్లకు) సమాజసేవ పేరిట అవార్డులు ఏటా వస్తూనే ఉంటాయి. ఆ అవార్డులు ప్రధానంగా గంటలను, డాలర్లను కొలుస్తాయి. వసూలయ్యే డబ్బు నిజం, దానితో జరిగే వైద్యమూ నిజం. అయితే చాప్టర్ సేవలో ముందుంది కాబట్టి అందులో కొత్తగా చేరిన కుర్రాడు క్షేమంగా ఉంటాడనుకోవడానికి ఆధారం లేదు. ఈ రెండో సంగతి తెలుసుకునే దారి ఒకటి 2024 చట్టంతో తెరుచుకుంది.

ఏటా వసంతకాలం సెమిస్టర్ ముగిసే ముందు అమెరికా యూనివర్సిటీల్లో ఫ్రాటర్నిటీల (‘గ్రీక్’) అవార్డుల సభలు జరుగుతాయి. ఫలానా చాప్టర్ ఇన్ని వేల గంటలు సేవ చేసిందని, ఫలానా ఆసుపత్రికి ఇంత ఇచ్చిందని చదివి జ్ఞాపికలు ఇస్తారు. కొన్ని చోట్ల కరుణకు, తోటివారి పట్ల శ్రద్ధకు విడిగా గుర్తింపు ఉంటుంది. ఆ ఫొటోలు కుటుంబ వాట్సాప్ గ్రూపుల దాకా వచ్చినప్పుడు ఇక్కడి పెద్దవాళ్ళకు తికమక సహజం. ఫ్రాటర్నిటీ అంటే తాగుడు, పార్టీలు, కొత్తవాళ్ళను ఏడిపించడం అని వాళ్ళు విన్నారు. మరి ఈ సన్మానం ఎందుకు? విన్నదీ అబద్ధం కాదు, సన్మానమూ అబద్ధం కాదు.

చాప్టర్ అంటే

ఫ్రాటర్నిటీ అనేది సాధారణంగా డిగ్రీ చదివే మగపిల్లల సంఘం, గ్రీకు అక్షరాల పేరుతో నడుస్తుంది. అమ్మాయిల సంఘాలను సోరోరిటీలంటారు. జాతీయ స్థాయిలో ఒక ప్రధాన కార్యాలయం ఉంటుంది. అది ఒక్కో క్యాంపస్‌లోని శాఖకు చార్టర్ ఇస్తుంది, ఆ శాఖే చాప్టర్. చేరాలనుకున్నవాడు ముందు కొన్ని వారాలు ‘ప్లెడ్జ్’గా ఉండి, తర్వాత పూర్తి సభ్యుడవుతాడు. సెమిస్టర్‌కింత అని చందా కడతాడు, చాలాచోట్ల చాప్టర్ ఇంట్లోనే ఉంటాడు. చదువు అయిపోయినా సభ్యత్వం పోదు. ఉద్యోగానికి సిఫారసు దగ్గర్నుంచి ఇంటి మరమ్మతుకు విరాళం దాకా పాత విద్యార్థుల అండ ఉంటుంది. ఎంఎస్ కోసం వెళ్ళే తెలుగు విద్యార్థులకు ఈ లోకం దాదాపు తెలియదు. అక్కడే పుట్టి పెరిగి డిగ్రీలో చేరే పిల్లలకు ఎదురయ్యే విషయం ఇది.

సేవ ఎక్కడి నుంచి వచ్చింది

ఒక్క చోటి నుంచి కాదు. ఫై కప్పా సై 1852లో పెన్సిల్వేనియాలోని జెఫర్సన్ కాలేజీలో పుట్టింది. టైఫాయిడ్ ప్రబలినప్పుడు రాత్రుళ్ళు మేలుకుని తోటి విద్యార్థులకు సపర్యలు చేసిన ఇద్దరు కుర్రాళ్ళు ఆ అనుభవం నుంచే సంఘం పెట్టారని దాని చరిత్ర చెప్పుకుంటుంది. అయితే ఇలాంటి పుట్టుక అన్నింటిదీ కాదు. 19వ శతాబ్దపు ఫ్రాటర్నిటీల్లో ఎక్కువ భాగం సాహిత్య చర్చలు, రహస్య సంకేతాలు, స్నేహం చుట్టూ తిరిగినవే. ఎవరిని చేర్చుకోకూడదన్న నిబంధనలు కూడా వాటిలో ఉండేవి. నల్లవారిని, యూదులను బయటే ఉంచిన సంఘాలు 20వ శతాబ్దం మధ్య దాకా ఉన్నాయి.

ఆ బయట ఉంచినవాళ్ళు కట్టుకున్న సంఘాల్లో సేవకు అర్థమే వేరు. 1906 డిసెంబర్ 4న కార్నెల్ యూనివర్సిటీలో ఏడుగురు నల్లజాతి విద్యార్థులు ఆల్ఫా ఫై ఆల్ఫాను స్థాపించారు. ఒకరికొకరు చదువులో తోడుండి, ఒంటరితనం తట్టుకుని డిగ్రీ పూర్తి చేయాలన్నది తొలి అవసరం. బడి, ఆసుపత్రి, ఓటు అన్నీ వేర్పాటు గోడకు అవతల ఉన్న సమాజంలో చదువుకున్న కొద్దిమంది ఆ పనులు నెత్తికెత్తుకోక తప్పలేదు. ‘ఓటు లేని జనం ఆశ లేని జనం’ అనే నినాదంతో ఆ ఫ్రాటర్నిటీ 1930ల నుంచి ఓటర్ల నమోదు ప్రచారం నడిపింది. మార్టిన్ లూథర్ కింగ్ జూనియర్ దాని సభ్యుడు. వాషింగ్టన్‌లో ఆయన స్మారకం కట్టాలన్న ప్రతిపాదన 1984లో ఆ సభ్యుల నుంచే వచ్చింది. 1996లో అమెరికా కాంగ్రెస్ అనుమతించింది, సుమారు 12 కోట్ల డాలర్ల ఖర్చుతో పూర్తయి 2011 అక్టోబర్ 16న అంకితమైంది. ప్రతిపాదనకు, ప్రారంభానికి మధ్య 27 ఏళ్ళు. నాలుగేళ్ళకోసారి మనుషులు మారిపోయే విద్యార్థి సంఘం ఒక్కటే చేయగలిగిన పని కాదిది. ఈ సంఘాల్లో పట్టభద్రుల చాప్టర్లు కూడా ఉంటాయి, ఊళ్ళో స్థిరపడ్డ ఉద్యోగులు, టీచర్లు, డాక్టర్లు వాటిలో పని చేస్తూ పోతారు. సేవకు కొనసాగింపు అక్కడి నుంచి వస్తుంది.

శ్వేతజాతి ప్రధాన స్రవంతి సంఘాలకు సేవ పెద్ద ఎత్తున కార్యక్రమంగా మారడంలో ప్రతిష్ఠ పాత్ర కాదనలేనిది. ప్రమాదాలు, కోర్టు కేసులు పెరిగి 1980ల్లో బీమా దొరకడమే కష్టమైంది. ఉమ్మడిగా బీమా కొనుక్కోవడానికి 1987లో కొన్ని ఫ్రాటర్నిటీలు కలిసి ఒక బృందంగా ఏర్పడ్డాయి కూడా. యూనివర్సిటీ గుర్తింపు, తల్లిదండ్రుల నమ్మకం, దాతల మద్దతు నిలవాలంటే చూపించుకోవడానికి ఏదో ఉండాలి. సేవ ఆ పనికి వచ్చింది. అంతమాత్రాన అదంతా నటన అనుకోవడం తొందరపాటే. పై కప్పా ఫై 1977లో వికలాంగుల కోసం సొంతంగా ఒక సేవా సంస్థనే పెట్టుకుంది. దాని సభ్యులు ప్రతి వేసవిలో పశ్చిమ తీరం నుంచి వాషింగ్టన్ దాకా సైకిళ్ళ మీద వెళ్తూ, దారి పొడవునా వికలాంగుల కేంద్రాల్లో ఆగి వాళ్ళతో గడుపుతారు. కేవలం పేరు కోసమే అయితే ఇంతకన్నా సులువైన దారులు చాలా ఉన్నాయి.

అవార్డు ఎలా వస్తుంది

అవార్డు దానంతటది రాదు, చాప్టర్ దరఖాస్తు చేసుకోవాలి. యూనివర్సిటీలో ఫ్రాటర్నిటీల వ్యవహారాలు చూసే ఆఫీసు ఒకటి, జాతీయ కార్యాలయం మరొకటి. రెండూ నివేదికలు అడుగుతాయి. చాప్టర్‌లో ఒకరు ఫిలాంత్రపీ బాధ్యుడు, ఇంకొకరు సేవా కార్యక్రమాల బాధ్యుడు. మొదటివాడి పని విరాళాల సేకరణ: ఐదు కిలోమీటర్ల పరుగు, పాన్‌కేక్ అల్పాహారం, టోర్నమెంట్. రెండోవాడి పని చేతులతో చేసేది: ఫుడ్ బ్యాంకులో డబ్బాలు సర్దడం, బడిపిల్లలకు పాఠాలు, రోడ్డు పక్క చెత్త ఏరడం. ఎవరెన్ని గంటలు చేశారో సభ్యులు యాప్‌లోనో షీట్‌లోనో నింపుతారు. సంవత్సరం చివర ఆ లెక్క, సగటు మార్కులు, క్రమశిక్షణ రికార్డు, రెండు మూడు పేజీల వివరణ కలిపి పంపుతారు.

గంటలను డాలర్లలోకి మార్చే పద్ధతి కూడా ఉంది. ఇండిపెండెంట్ సెక్టర్ అనే సంస్థ వాలంటీర్ గంటకు ఏటా ఒక విలువ ప్రకటిస్తుంది. 2023కి అది 33.49 డాలర్లు. 60 మంది ఉన్న ఒక చాప్టర్‌లో తలా 20 గంటలు చేశారనుకుంటే 1,200 గంటలు, అంటే 40,188 డాలర్ల సేవ. చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ తలా 20 గంటలంటే ఏడాదిలో ఐదు శనివారాల పొద్దుటి పూట. ఎవరు చేసినా గంట గంటే కాబట్టి, ఒకే పిల్లవాడికి ఏడాది పొడవునా లెక్కలు చెప్పినవాడూ, ఐదు చోట్ల ఐదు పూటలు టీషర్టు వేసుకుని నిలబడ్డవాడూ ఈ పట్టికలో సమానం. వివరణ పేజీలు ఉన్నది ఈ లోటు పూడ్చడానికే. వాటిని ఎంత శ్రద్ధగా చదువుతారన్నది ఆయా కమిటీ మీద ఆధారపడి ఉంటుంది.

డబ్బు దారి గురించి ఒక మాట. అమెరికా పన్ను చట్టంలో చాప్టర్‌ను సోషల్ క్లబ్‌గా చూస్తారు. దానికిచ్చిన డబ్బు మీద దాతకు పన్ను మినహాయింపు రాదు. ఆసుపత్రికో, సేవా సంస్థకో, ఫ్రాటర్నిటీ విద్యా ఫౌండేషన్‌కో ఇస్తే వస్తుంది. విరాళాల పేజీలో చాలాసార్లు చాప్టర్ పేరు కింద ఆసుపత్రి ఖాతా కనిపించడానికి ఇదొక కారణం. చాప్టర్ తెచ్చిపెట్టినట్టు లెక్క చూపుతుంది కానీ డబ్బు దాని చేతిలో పడదు. మోసాలకు ఇదొక అడ్డుకట్ట కూడా.

46 గంటలు నిలబడితే

ఈ యంత్రాంగం పూర్తి వేగంతో నడిస్తే ఎలా ఉంటుందో పెన్ స్టేట్ యూనివర్సిటీలోని ‘థాన్’ చూపిస్తుంది. 1973లో అక్కడి ఫ్రాటర్నిటీల మండలి ఒక డ్యాన్స్ మారథాన్ పెట్టి 2,000 డాలర్లకు పైగా వసూలు చేసింది. 1977 నుంచి ఆ డబ్బు ఫోర్ డైమండ్స్ అనే సంస్థకు వెళ్తోంది. క్యాన్సర్‌తో 14 ఏళ్ళకే చనిపోయిన ఒక పిల్లవాడి తల్లిదండ్రులు 1972లో దాన్ని పెట్టారు. హెర్షీలోని పిల్లల ఆసుపత్రిలో క్యాన్సర్ చికిత్సకు బీమా కట్టగా మిగిలిన ఖర్చును అది భరిస్తుంది. ఇప్పుడు ఫిబ్రవరిలో ఒక వారాంతం, కొన్ని వందల మంది విద్యార్థులు 46 గంటలు కూర్చోకుండా, నిద్రపోకుండా స్టేడియంలో నిలబడి ఆడతారు. 2024లో వసూలు 1.69 కోట్ల డాలర్లు. ఇన్నేళ్ళలో మొత్తం 20 కోట్ల డాలర్లు దాటింది. ఫ్రాటర్నిటీలు, సోరోరిటీలు మొదలుపెట్టిన ఈ కార్యక్రమంలో ఇప్పుడు ఇతర క్లబ్బులూ ఉన్నాయి.

వసూలు కన్నా గమనించాల్సింది ఇంకొకటుంది. ఇక్కడ విద్యార్థి సంఘాలను చికిత్స పొందుతున్న పిల్లల కుటుంబాలతో జత చేస్తారు. ఆ పిల్లవాడి పుట్టినరోజుకు వెళ్ళడం, బంతాట చూడటానికి క్యాంపస్‌కు పిలవడం, కీమో రోజుల్లో మెసేజ్ పెట్టడం, కొన్నిసార్లు అంత్యక్రియలకు హాజరవడం ఇందులో భాగం. సభ్యులు మారతారు, కుటుంబంతో సంబంధం చాప్టర్ పేరు మీద ఏళ్ళ తరబడి నిలుస్తుంది. కరుణ అనే మాటను అవార్డు పత్రంలో రాయడానికి ఆధారం ఎక్కడైనా ఉంటే ఇలాంటి చోటే ఉంటుంది. గంటల షీట్‌లో దీనికి గడి ఉండదు.

లెక్కల పోటీకి ఖరీదు కూడా ఉంది. ‘క్యానింగ్’ పేరుతో విద్యార్థులు వారాంతాల్లో దూరపు ఊళ్ళకు కార్లలో వెళ్ళి, కూడళ్ళలో డబ్బాలు పట్టుకుని చిల్లర అడిగేవారు. అలా వెళ్ళివస్తూ విద్యార్థులు రోడ్డు ప్రమాదాల్లో చనిపోయాక ఆ పద్ధతిని దశలవారీగా ఆపేశారు. వసూళ్ళు తగ్గుతాయని భయపడ్డారు కానీ ఆన్‌లైన్ విరాళాలతో తర్వాతి ఏళ్ళలో మొత్తం ఇంకా పెరిగింది.

అదే క్యాంపస్, అదే ఫిబ్రవరి

2017 ఫిబ్రవరి మూడో వారాంతంలో థాన్‌లో కోటి డాలర్లకు పైగా వసూలైంది. అదే క్యాంపస్‌లో సుమారు రెండు వారాల ముందు, బీటా థీటా పై ఇంట్లో కొత్త సభ్యుల చేరిక రాత్రి 19 ఏళ్ళ విద్యార్థికి గంటన్నరలోపే మోతాదు మించి మద్యం తాగించారు. అతను బేస్‌మెంట్ మెట్ల మీద నుంచి పడ్డాడు. సుమారు 12 గంటల దాకా ఎవరూ అంబులెన్స్ పిలవలేదు. ఫిబ్రవరి 4న చనిపోయాడు. ఆ ఇంట్లో మద్యం నిషిద్ధం, గదుల్లో కెమెరాలున్నాయి. జరిగినదానిలో చాలా భాగం ఆ కెమెరాల్లోనే రికార్డయింది. యూనివర్సిటీ ఆ చాప్టర్‌ను శాశ్వతంగా నిషేధించింది, పెన్సిల్వేనియా 2018లో హేజింగ్ (చేరేవాళ్ళను ఏడిపించడం, ప్రమాదంలోకి నెట్టడం) చట్టాన్ని కఠినం చేసింది. అదే 2017 నవంబర్‌లో ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీలో మద్యం వల్ల చనిపోయిన ప్లెడ్జ్ పై కప్పా ఫైకి చెందినవాడు. వికలాంగుల కోసం సైకిళ్ళు తొక్కే ఫ్రాటర్నిటీయే అది.

దీన్ని కపటం అని కొట్టిపారేస్తే అసలు సంగతి అర్థం కాదు. రెండింటికీ మూలం ఒక్కటే, గుంపు పట్టు. కష్టపడి చేరిన గుంపును మనుషులు ఎక్కువ ఇష్టపడతారని ఎలియట్ అరాన్‌సన్, జడ్సన్ మిల్స్ 1959లో చేసిన ప్రయోగం చూపింది. ఆ పట్టే పద్దెనిమిదేళ్ళ కుర్రాణ్ని 46 గంటలు నిలబెడుతుంది, వంద తలుపులు తట్టిస్తుంది. ఆ పట్టే ‘అన్నలు’ సీసా చేతికిస్తే వద్దనలేకుండా చేస్తుంది, పడిపోయినవాణ్ని చూసి కూడా ఫోన్ తీయకుండా ఆపుతుంది. బయటి పనికి తిరిగినప్పుడు సేవ, లోపలికి తిరిగినప్పుడు హేజింగ్. ఎటు తిరుగుతుందన్నది ఆ ఏటి నాయకులు, పక్కనుండే పెద్దలు, ఇంటి అలవాట్లు నిర్ణయిస్తాయి. అవార్డు బయటికి తిరిగిన వైపును మాత్రమే చూస్తుంది.

మన ర్యాగింగ్‌కు, దీనికి ఒక తేడా ఉంది. ర్యాగింగ్ జూనియర్ల మీద అడగకుండా వచ్చిపడేది. అందుకే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1997 చట్టమూ, 2009 యూజీసీ నిబంధనలూ, ఏటా విద్యార్థీ తల్లిదండ్రులూ ఇచ్చే హామీపత్రమూ కాలేజీ మొత్తానికి వర్తిస్తాయి. హేజింగ్ అలా కాదు, చేరాలని కోరుకున్నవాడు కట్టే ప్రవేశ రుసుములా నడుస్తుంది. వాడు ఫిర్యాదు చేస్తే కోరుకున్నది చేజారుతుంది. అందుకే బాధితుడి సమ్మతి ఉందన్న సాకు చెల్లదని అక్కడ చాలా రాష్ట్రాల చట్టాల్లో రాయాల్సి వచ్చింది. క్లబ్బులు, జట్లు, సంఘాల్లో ఉన్న కాలేజీ విద్యార్థుల్లో 55 శాతం మందికి ఏదో ఒక రూపంలో హేజింగ్ ఎదురైందని యూనివర్సిటీ ఆఫ్ మెయిన్ పరిశోధకులు 2008లో తేల్చారు. అంటే ఇది ఒక్క ఫ్రాటర్నిటీల సమస్యే కాదు.

ఎన్‌ఎస్‌ఎస్‌తో పోలిస్తే

మన దగ్గర విద్యార్థి సేవ అనగానే గుర్తొచ్చేది ఎన్‌ఎస్‌ఎస్. గాంధీ శతజయంతి సంవత్సరం 1969లో సెప్టెంబర్ 24న 37 యూనివర్సిటీల్లో 40,000 మందితో మొదలైంది. రెండేళ్ళలో 240 గంటలు, దత్తత గ్రామంలో ఏడు రోజుల శిబిరం, చివర్లో సర్టిఫికెట్. 1993-94 నుంచి జాతీయ అవార్డులు కూడా ఉన్నాయి. గంటల కొలమానం ఇక్కడా ఉంది, దాని బలహీనతా ఇక్కడా ఉంది. శిబిరంలో ఫొటో కోసం చీపురు పట్టుకున్నవాళ్ళను చూడనివాళ్ళు తక్కువ. తేడా ఎక్కడంటే, ఎన్‌ఎస్‌ఎస్ ప్రభుత్వ పథకం. లెక్చరర్ ఒకరు ప్రోగ్రాం ఆఫీసర్‌గా నడిపిస్తారు, రెండేళ్ళయ్యాక యూనిట్‌తో బంధం దాదాపు తెగిపోతుంది. ప్రాణాపాయం లేదు, జీవితకాలపు అండా లేదు.

ఫ్రాటర్నిటీ స్వరూపానికి దగ్గరగా వచ్చేవి వేరే ఉన్నాయి. హైదరాబాద్‌లో 1918లో రాజా బహదూర్ వెంకటరామారెడ్డి చొరవతో మొదలైన రెడ్డి హాస్టల్ లాంటి సామాజికవర్గ వసతిగృహాలు. ఉండటానికి చోటు, పూర్వ విద్యార్థుల చేయూత, బయటి ప్రపంచంలో పలుకుబడి, అన్నీ అక్కడ ఉన్నాయి. వాటిని ఎవరూ సేవా గంటలతో కొలవలేదు.

దక్షిణాసియా చాప్టర్లు

1990ల నుంచి భారతీయ సంతతి పిల్లలు సొంత సంఘాలు పెట్టుకున్నారు. 1994లో బింగ్‌హామ్టన్‌లో ఐయోటా ను డెల్టా, 1996లో పెన్సిల్వేనియా యూనివర్సిటీలో సిగ్మా బీటా రో, 1998లో ఆస్టిన్‌లో డెల్టా ఎప్సిలాన్ సై ఆ కోవలోవి. తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉన్న టెక్సాస్, న్యూజెర్సీల్లోని పిల్లలకు దగ్గరగా కనబడేవి ఇవే. చాలావాటికి పెద్ద ఇళ్ళు, వందేళ్ళ పాత విద్యార్థుల నిధులు ఉండవు. కాబట్టి డాలర్ల పట్టికలో వెనకబడతాయి.

వేరెవరూ వాళ్ళంత తేలిగ్గా చేయలేని పని ఒకటి మాత్రం ఈ సంఘాలకుంది. రక్త క్యాన్సర్ రోగికి మూలకణాల మార్పిడి కావాలంటే దాత కణజాల రకం సరిపోవాలి, అది చాలావరకు వంశమూలాల మీద ఆధారపడుతుంది. అమెరికా జాతీయ రిజిస్ట్రీ లెక్కల్లో పూర్తిగా సరిపోయే దాత దొరికే అవకాశం శ్వేతజాతి రోగికి 79 శాతం ఉంటే, ఆసియా, పసిఫిక్ మూలాలవారికి 47 శాతం, నల్లజాతి వారికి 29 శాతం. 1981లో లాస్ ఏంజెలెస్‌లో పుట్టిన ఆసియా అమెరికన్ ఫ్రాటర్నిటీ లాంబ్డా ఫై ఎప్సిలాన్ ఈ రిజిస్ట్రీ నమోదునే తన జాతీయ సేవగా ఎంచుకుంది. బుగ్గ లోపల దూదిపుల్ల తిప్పి కవర్‌లో పెట్టడానికి ఐదు నిమిషాలు చాలు. సేవా గంటల్లో అది దాదాపు సున్నా. పేరు నమోదు చేసుకున్నవాళ్ళలో పిలుపు వచ్చాక వెనక్కి తగ్గేవారు రోగికి పెద్ద దెబ్బ. కాబట్టి ఎంతమందిని చేర్చారన్నదాని కన్నా ఎంతమందికి ముందే సరిగ్గా వివరించారన్నది ముఖ్యం. ఏ దరఖాస్తు ఫారమూ దాన్ని అడగదు.

ఇక ముందు

2024 డిసెంబర్‌లో అమెరికాలో స్టాప్ క్యాంపస్ హేజింగ్ చట్టం వచ్చింది. యూనివర్సిటీలు ఏటా ఇచ్చే భద్రతా గణాంకాల్లో హేజింగ్‌ను చేర్చాలి. విడిగా ఒక పారదర్శకత నివేదికను వెబ్‌సైట్‌లో పెట్టి, ఏడాదికి కనీసం రెండుసార్లు సవరించాలి. ఏ సంఘం, ఏం జరిగింది, మద్యం లేదా డ్రగ్స్ ప్రమేయం ఉందా, విచారణ ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగిసింది అన్నవి అందులో ఉండాలి. ఇప్పటిదాకా అవార్డుల జాబితా ఒక్కటే బాహాటంగా కనిపించేది, శిక్షల జాబితా చాలా చోట్ల అడిగితే గానీ వచ్చేది కాదు. ఇక రెండూ పక్కపక్కన పెట్టి చూడొచ్చు. పిల్లవాడు ఫలానా చాప్టర్‌లో చేరతానంటే తల్లిదండ్రులు చేయగలిగిన మొదటి పని అదే.

అవార్డుల మీద కూడా దీని ప్రభావం పడుతుంది. నివేదికలో పేరున్న చాప్టర్‌కు అదే ఏడాది సన్మానం చేయడం యూనివర్సిటీకి ఇబ్బందే. అయితే అందులో వచ్చేవి ఉల్లంఘన జరిగిందని తేలిన కేసులే, నడుస్తున్న విచారణలు కనిపించవు. పైగా అది యూనివర్సిటీ గుర్తింపు ఉన్న సంఘాల గురించిన నివేదిక. కొలరాడో యూనివర్సిటీ బౌల్డర్ క్యాంపస్‌లో ఒక విద్యార్థి మరణం తర్వాత పెట్టిన షరతులు నచ్చక ఫ్రాటర్నిటీలు 2005లో యూనివర్సిటీ గుర్తింపు వదులుకుని సొంత మండలి పెట్టుకున్నాయి. అలాంటి చాప్టర్లకు యూనివర్సిటీ అవార్డూ లేదు, ఈ నివేదికలో చోటూ లేదు. వాటి సేవ గురించి బయటికి తెలిసేదంతా అవి స్వయంగా చెప్పుకున్నదే.